వాపసు కార్డా, విమానం కార్డా

పోచంపల్లిలో యాదలక్ష్మి ఉండే వాడకట్టున ఆమె ఫికర్ల సంగతి తెలియనివాళ్లు లేరు. గ్యాస్ బంద్ చేసి బయటికొచ్చాక మళ్లీ లోపలికి పోయి చూసొస్తుంది. తాళం వేసి నాలుగడుగులు నడిచాక వెనక్కి వచ్చి లాగి చూస్తుంది. బిడ్డ నిహారిక కాలేజీ బస్సు పది నిమిషాలు ఆలస్యమైతే చాలు, అరుగు మీదికి వచ్చి నిలబడుతుంది. నలభై నాలుగేళ్ల మనిషి. చిటికి కట్టే పనిలో మాత్రం ఆమె చేయి ఎన్నడూ తడబడలేదు. పట్టుపోగుల మీద గుర్తు పెట్టిన చోటల్లా సైకిల్ ట్యూబు ముక్కతో బిగించి కట్టేస్తుంది. ఎక్కడ ఎరుపు ఎక్కాలో, ఎక్కడ తెలుపు మిగలాలో పోగులు రంగులో ముంచకముందే ఆమె కంటికి కనబడుతుంది. రేపటి చీర కనబడే ఆ కంటికే రేపటి ఆపద కూడా కనబడుతుందని అత్త గుర్వమ్మ అంటుంటుంది.

భర్త సోమన్న నేస్తాడు. పదేళ్ల కిందటి దాకా ఇద్దరూ సేటు దగ్గర కూలికి పనిచేసినవాళ్లే. తర్వాత సొంతంగా నూలు కొన్నారు. ఇంట్లో రెండు మగ్గాలు వేసుకుని, ఇంకో మూడిళ్లలో నేయించుకుని, ఆ చీరలు మూటలు గట్టి సోమన్నే ప్రదర్శనలకు తీసుకుపోవడం మొదలుపెట్టాడు. ఢిల్లీ, అహ్మదాబాద్, పుణె, కలకత్తా. ఏడాదికి నాలుగైదు పయనాలు, అన్నీ రైలు మీదనే. అమ్మకం సోమన్నది, లెక్కలూ బ్యాంకు పనీ యాదలక్ష్మివి.

రెండేళ్ల కిందట ఒక సంగతి జరిగింది. సోమన్న మూడు మూటలతో ఢిల్లీ బండిలో పోతున్నాడు. పన్నెండు దాటాక అన్నం తిన్నాడో లేదోనని యాదలక్ష్మి ఫోన్ చేసింది. ఎవరో తెలియని గొంతు పలికింది.

"అమ్మా, గీ ఫోన్ గల్లాయన బల్లార్షా స్టేషన్ల నీళ్ల కోసం దిగిండు. బండి కదిలింది. ఆయన ఎక్కలే."

"వేరే డబ్బాల ఎక్కిండేమో, జర చూడండి" అంది యాదలక్ష్మి.

"అన్ని డబ్బాలు తిరిగి చూసిన తల్లీ. లేడు. మూటలైతే నా కాడనే ఉన్నయ్. అవి యాడికీ పోవు."

ఆయన పేరు జాఫర్. నల్గొండలో గడియారాలు బాగుచేసే దుకాణం ఉంది. ఢిల్లీలో ఉన్న బిడ్డను చూడటానికి పోతున్నాడు. సోమన్న ఫోను ఛార్జింగులో ఉండిపోయింది, పైసలు కూడా సంచిలోనే ఉన్నాయి. బల్లార్షాలో ఎవరినో బతిమాలి ఆయన ఇంటికి ఫోన్ చేసేసరికి అయిదు గంటలైంది. ఆ అయిదు గంటలూ యాదలక్ష్మి నడింట్లో నేల మీద కూర్చుని ఉంది. పట్టాల మీద పడ్డాడా, గుండె ఆగి ప్లాట్‌ఫారం మీద ఒరిగాడా, ఎవరన్నా కొట్టి పడేశారా అని ఒకదాని వెనక ఒకటి ఆలోచన తోసుకొచ్చింది. మర్నాడు ఢిల్లీ స్టేషన్లో జాఫర్ ఆ మూటల మీదే కూర్చుని, వెనక బండిలో సోమన్న దిగేదాకా కదలలేదు. ఒక్క చీర పోలేదు. సోమన్న తిరిగొచ్చి ఇదంతా నవ్వుతూ చెప్పాడు. యాదలక్ష్మి నవ్వలేదు. అప్పటి నుంచి ఆయన రైల్లో ఉన్నంతసేపూ ఆమెకు ముద్ద దిగదు. సిగ్నల్ లేక ఫోన్ కలవకపోతే చేస్తున్న పని చేతిలోనే ఆగిపోతుంది.

ఈ ఏడాది మార్చి నెలలో బ్యాంకుకు పోయినప్పుడు ఫహీం సార్ పిలిచి కుర్చీ వేయించాడు. పాలమూరు నుంచి బదిలీ మీద వచ్చిన కుర్ర ఆఫీసరు, మాట మెత్తన.

"మీ ఖాతాల పైసల రాకపోకలు మంచిగున్నయమ్మా. మీ పేరు మీద క్రెడిట్ కార్డు వచ్చింది. రెండు రకాలున్నయ్, ఏదో ఒకటే ఇస్తరు. గీ నెలాఖరు లోపల చెప్పాలె" అని రెండు రంగుల కాగితాలు ముందుపెట్టాడు.

"నాకెందుకు సార్ కార్డు" అంది యాదలక్ష్మి, కాగితాలు ముట్టుకోకుండా.

"నెలకు డెబ్బై వేల నూలు కొంటరు. ఉత్తగనే కొనుడెందుకు? ఇగో, గీ కార్డు మీద కొంటే వందకు ఒక రూపాయి మీకే వాపస్ వస్తది. ఫీజు ఏడాదికి అయిదు వందలు. రెండు లక్షలు దాటి వాడితే అది గూడ లేదు. ఇగ రెండోది విమానం కంపెనీది. దీంట్ల పైసలు రావు, పాయింట్లు వస్తయ్. పాయింట్లు జమైతే విమానం టికెట్ తీసుకోవచ్చు. కార్డు తీసుకోంగనే ఒక టికెట్ ఫ్రీ. ఫీజు జర ఎక్కువ, మూడు వేలు, పైన టాక్సు."

"విమానంలో ఢిల్లీకి ఎంతసేపు సార్?"

"రెండుంబావు గంటలు."

రైలైతే ఇరవై ఆరు గంటలు. ఆమె లెక్క అక్కడే ఆగిపోయింది. కాగితాలు మడిచి సంచిలో పెట్టుకుంది. ఇంటికి నడుస్తున్నంతసేపూ ఆ రెండుంబావు గంటలే తలలో తిరిగాయి.

ఇంట్లో ఆ రెండింటికీ పేర్లు పడ్డాయి. ఒకటి వాపసు కార్డు, ఇంకోటి విమానం కార్డు. గుర్వమ్మ అంతా విని, "వాపస్ ఇచ్చేటోడు ముందుగాల ఎందుకు తీసుకుంటడు? గా రూపాయి వాడే ఉంచుకుని నూటికి తొంభై తొమ్మిదే తీసుకోవచ్చు గదా" అంది.

నిహారిక డిగ్రీ ఆఖరు సంవత్సరంలో ఉంది. నోటుబుక్కు వెనక అట్ట మీద లెక్క వేసింది. "నెలకు డెబ్బై వేలైతే ఏడాదికి ఎనిమిది లక్షల నలభై వేలు. వాపసు కార్డుల ఎనిమిది వేల నాలుగొందలు నీ చేతికొస్తయ్. విమానం కార్డుల గన్నే పాయింట్లు. ఢిల్లీకి ఒక దిక్కు పోనీకె ఆరు వేల పాయింట్లు కావాలె. అంటే ఏడాదికి దగ్గర దగ్గర ఒకటిన్నర టికెట్ అమ్మా."

"అర టికెట్ ఏం చేసుకుంటం?"

"వచ్చే ఏడాది దాంట్ల కలుస్తది. కానీ రెండేళ్లల్ల వాడకపోతే పాయింట్లు పోతయట. కింద సన్న అక్షరాలల్ల రాసి ఉంది. దసరా, దీపావళికి పాయింట్ల మీద సీట్లు దొరకవట గూడ."

"మీ నాయిన ఎక్కువ పోయేదే దసరా దీపావళి నడుమ."

"అందుకే చెప్తున్న. పైసల లెక్క చూస్తే వాపసు కార్డే మంచిది."

యాదలక్ష్మి చూసే లెక్క పైసలది కాదు. ఏడాదికి ఒకటిన్నర టికెట్టయినా సరే, అన్ని గంటల భయం తక్కువ. ఆ మాట పైకి అంటే పిచ్చిగా ఉంటుందని అనలేదు.

కార్డు అంటేనే ఇంకో భయం. వెనక వీధిలో మారయ్య ఫోను కొనడానికి కార్డు తీసుకున్నాడు. నెలనెలా బ్యాంకువాళ్లు అడిగిన చిన్న మొత్తం మాత్రమే కడుతూ, బాకీ తీరుతోందనుకుని దాని మీదే ఇంకా కొంటూ పోయాడు. ఏడాదిన్నరలో నలభై వేలు తొంభై వేలైంది. వసూలువాళ్లు అతని అత్తగారింటికి కూడా ఫోన్లు చేశారు. మారయ్య నెల రోజులు గడప దాటలేదు. యాదలక్ష్మి ఆ ఇంటి ముందు నుంచి పోతూ తలుపు వంక చూసింది. మూసే ఉంది. ఎవరి తప్పో ఏమో గాని, ఆ కాగితాలు ఉన్న సంచి ఆమెకు బరువనిపించింది.

విమానం కూడా భయమే. ఒక రోజు అన్నం తింటూ నిహారికను అడిగింది.

"విమానంలో ఫోన్ చేస్తే ఎత్తొచ్చా?"

"ఎత్తరాదు. ఎక్కంగనే బంద్ చేయమంటరు."

"బంద్ అంటే అసలే మోగదా?"

"మోగదమ్మా. రెండు గంటలే గదా."

యాదలక్ష్మి ముద్ద కలుపుతూ ఆ రెండు గంటలు ఎట్లా గడుస్తాయో ఊహించి చూసుకుంది. ఫోన్ చేస్తే మోగదు. మోగదని ముందే తెలుసు కాబట్టి చేయకుండా ఉండొచ్చు. రైల్లోనైతే మోగుతుందనే ఆశ ఉంటుంది, అందుకే చేస్తుంది, అది మోగకపోతే ప్రాణం మీదికొస్తుంది. ఇట్లా ఆలోచించి ఆలోచించి విమానమే నయమని తేల్చుకుంది. ఆ సంగతి సోమన్నకు చెబితే ఆయన మగ్గం దిగకుండానే, "నీ ఇష్టం" అన్నాడు. ఆయన ఏది అడిగినా ఆ మాటే అంటాడు. ఈసారి ఆ మాట అనే ముందు కొంచెంసేపు ఆగినట్టు ఆమెకు అనిపించింది. పనిలో ఉన్నాడులే అనుకుంది.

నెలాఖరుకు నాలుగు రోజులుందనగా బ్యాంకుకు పోయింది. ఫహీం సార్ ఫారం తీసి, సంతకం పెట్టాల్సిన చోటల్లా పెన్సిల్‌తో గీత గీసి ఇచ్చాడు. యాదలక్ష్మి కలం పట్టుకుని, మొదటి గీత దగ్గర పెట్టి, ఆగింది.

"సార్, మూటలు గూడ విమానంలనే వస్తయ్ గదా?"

"మూటలా? ఎన్ని కిలోలుంటయమ్మా?"

"ఏమో సార్. మూడు మూటలు."

ఫహీం ముఖం కొంచెం మారింది. "విమానం కింది అరల ఏసే సామాను పదిహేను కిలోలు. చేతిల ఇంకో ఏడు. అంతకు మించితే కిలోకు ఇంతని కట్టాలె. అయిదు వందలో, ఆరు వందలో."

యాదలక్ష్మి కలం మూత పెట్టింది. ఒక్క పట్టుచీర ఎంత తూగుతుందో ఆమెకు తెలుసు. ఇరవై ఏళ్లుగా చేతుల మీద మోస్తోంది. కానీ మూట మొత్తం ఎన్నడూ తూచలేదు. రైలు తూకం అడగలేదు, సోమన్న వీపూ అడగలేదు. "రేపొస్త సార్" అని లేచింది. మంచి మనిషి కాబట్టి ఆయన కూడా ఫారం ముందుకు తోయలేదు. "తూచి రండమ్మా. నేను గూడ ముందుగాలనే అడగాల్సింది" అన్నాడు.

పుణె ప్రదర్శనకు కట్టిన మూటలు ఇంట్లోనే ఉన్నాయి. నిహారిక స్కూటీ మీద ఒక్కొక్కటిగా తాము నూలు కొనే లింగస్వామి దుకాణానికి చేర్చారు. నూలు కట్టలు తూచే పెద్ద కాంటా అక్కడే ఉంది. మొదటిది ఇరవై ఒకటి, రెండోది పంతొమ్మిదిన్నర, మూడోది ఇరవైన్నర. అరవై ఒక్క కిలోలు. నిహారిక నోటితోనే లెక్క కట్టి, "సామానుకు పెట్టే పైసలతోని ఇంకో ముగ్గురు విమానం ఎక్కొచ్చు" అంది.

లింగస్వామి ఎన్నాళ్లుగానో తెలిసినవాడు. కార్డు సంగతి విని, "మూటలు లారీల పంపి మనిషి విమానంల పోవచ్చు గదా అక్కా. శానమంది గట్లనే పంపుతున్నరు" అన్నాడు.

ఆ మాటతో యాదలక్ష్మికి ఇంకా దిగులైంది. మనిషి ఆకాశంలో, సరుకు రోడ్డు మీద. ఇప్పుడు ఒక్కచోట పెట్టి భయపడుతున్నది రెండుచోట్లకు పంచాలి. లారీ ఏ ఘాట్‌లో ఆగిందో, వానకు టార్పాలిన్ కప్పారో లేదో, ప్రదర్శన తెరిచే రోజుకు మూటలు చేరకపోతే ఖాళీ బల్ల ముందు సోమన్న చేతులు కట్టుకుని నిలబడాలేమో. అంతా కళ్లముందు ఆడింది.

"ఇంకో మాట గూడ అక్కా" అన్నాడు లింగస్వామి, గొంతు తగ్గించి. "నా దుకాణంల కార్డు గీకితే వందకు రెండు రూపాయలు ఎక్కువ పడ్తయ్. మిషన్‌వాళ్లు నా కాడ కోస్తరు, నేను మీ మీద ఏస్త. నీకు వాపస్ వచ్చేదెంత?"

"ఒకటి."

"మరి చూసుకో."

రెండు కార్డులూ ఒకే కాంటా దగ్గర తేలిపోయాయి. మూటలు తిరిగి ఇంటికి చేర్చి యాదలక్ష్మి వాటి పక్కనే కూర్చుంది. ఇంత పట్టించుకుని, ఇన్ని రోజులు నిద్ర చెడగొట్టుకుని, అసలు అడగవలసిన సంగతులు అడగనే లేదు. ఆ ఒక్క ప్రశ్న కలం పట్టుకున్నాక గాక, సంతకం అయ్యాక గుర్తొచ్చి ఉంటే? మూడు వేల చిల్లర పోయేది. అది తలచుకుని తలచుకుని, పోని పైసల కోసం ఆ సాయంత్రమంతా బాధపడింది.

మర్నాడు పొద్దున సోమన్న మగ్గం గుంతలోకి కాళ్లు జారవిడిచి కూర్చోగానే పోయి పక్కన నిలబడింది.

"ఒక మాట నిజం చెప్పు. నీకు రైలు మంచిగుంటదా, విమానం మంచిగుంటదా?"

సోమన్న పోగు విసిరే నాడె చేతిలో పట్టుకుని ఆలోచించాడు. "రైలే మంచిగుంటది."

"ఎందుకు?"

"మంచిగుంటది, గంతే."

"మరి మొన్న ఎందుకు చెప్పలే?"

"నువ్వు ఫికర్ పడ్తున్నవని ఊకున్న. నీకు నిమ్మళమైతది గదా అనుకున్న."

ఆమెకు కోపం వచ్చింది. ఆయన ఇష్టం ఆయన చెప్పకపోవడం వల్ల కాదు. ఇరవై మూడేళ్ల కాపురంలో తన భయం ఇంట్లోవాళ్లు అందరూ సర్దుకుపోవాల్సిన సామానులా తయారైందని ఆ క్షణాన తోచింది. లోపలికి పోయి పనిలో కూర్చుంది, కానీ ఆ రోజు రెండు చోట్ల ముడి వదులుగా పడి మళ్లీ కట్టాల్సి వచ్చింది.

గడువు ఆఖరు రోజు పొద్దున్నే నిహారిక ఇంకో లెక్క తెచ్చింది. నూలు ఒక్కటీ పక్కన పెడితే మిగతా ఖర్చులు తక్కువేం కావు. రంగుల దుకాణంలో కార్డుకు ఎక్కువ తీసుకోరు, ఆమె అడిగి వచ్చింది. ప్రదర్శనల స్టాలు కిరాయి, గ్యాస్, కరెంటు బిల్లు, తన పరీక్ష ఫీజు, రైలు టికెట్లు. నెలకు పాతిక ముప్పై వేలు అవుతుంది. వందకు ఒకటి చొప్పున ఏడాదికి మూడు వేలు.

"మూడు వేలే" అంది యాదలక్ష్మి.

"మూడు వేలే. కానీ మోసం లేదు. ఫీజు గూడ పడదు."

ఫహీం సార్ దగ్గర వాపసు కార్డు ఫారం మీద సంతకాలు పెట్టేటప్పుడు ఆమె ఒక్కో గీత దగ్గరా అడిగింది. ఇది దేనికి, ఇది దేనికి. వడ్డీ ఎప్పుడు పడుతుంది, మొత్తం కట్టకపోతే ఏమవుతుంది, తాను చచ్చిపోతే బాకీ ఎవరి మీద పడుతుంది. వెనక వరుసలో నిలబడ్డవాళ్లు విసుక్కున్నారు. ఫహీం ఓపికగా చెప్పాడు. "బిల్లుల ఎంతుంటే అంత, ఒక్క రూపాయి తక్కువ కాకుండ, తారీకు లోపల కట్టండి. చిన్న మొత్తం కడ్తే చాలు అని రాసి ఉంటది, అది చూడనే చూడకండి."

కార్డు వచ్చింది. యాదలక్ష్మి తారీకు దాకా ఆగలేదు. పొద్దున రంగులు కొంటే మధ్యాహ్నమే ఆ పైసలు కార్డుకు కట్టేసేది. బిల్లు వచ్చాక, అందులో రాసిన ఖర్చు చూసి, ఎందుకైనా మంచిదని మళ్లీ కట్టింది. రెండో నెల చివర ఫహీం సార్ ఫోన్ చేశాడు.

"అమ్మా, మీరు బ్యాంకుకే ఎదురు అప్పిచ్చిన్రు. పదకొండు వేలు ఎక్కువ కట్టి ఉన్నరు."

"పోతయా సార్ అవి?"

"పోవు. కానీ గిట్ల ఎవరూ కట్టరమ్మా. తారీకు దాకా మీ ఖాతాలనే ఉంచుకోండి."

సరేనంది గాని, తారీకు దాకా ఆగలేక వారం ముందే కట్టేసేది. అన్నాళ్లు ఆగడమంటేనే చేతులు కాలుతున్నట్టు ఉండేది. మారయ్య ఇల్లు కనబడ్డప్పుడల్లా ఫోనులో బాకీ సున్నా ఉందో లేదో ఒకసారి చూసుకునేది. జులై చివరికి వాపసు వచ్చింది వెయ్యిన్ని పద్దెనిమిది రూపాయలు. మూడుసార్లు లెక్కచూసి సరిపోయిందని రాసుకుంది.

ఆగస్టులో వానలు పట్టాయి. మగ్గాల గుంతల్లో నీటిచెమ్మ ఊరి రెండు మగ్గాలూ ఆగిపోయాయి. అదే సమయానికి ఢిల్లీలో పది రోజుల ప్రదర్శనకు పిలుపు వచ్చింది. నిహారిక ఫోనులో నాయినకు స్లీపర్ టికెట్ చూస్తుంటే యాదలక్ష్మి పక్కన కూర్చుంది.

"ఏసీ డబ్బాల ఎంత?"

నిహారిక చెప్పింది. స్లీపర్‌కూ దానికీ తేడా పన్నెండు వందలు.

"వాపస్ వచ్చినయ్ వెయ్యి ఉన్నయ్ గదా. ఏసీల చెయ్యి" అంది. మళ్లీ తనే, "రెండు చెయ్యి" అంది.

నిహారిక తల తిప్పి చూసింది. "ఎవరికి?"

"నాకు."

అప్పటిదాకా యాదలక్ష్మి హైదరాబాదు దాటి పోలేదు. ఎందుకు పోవాలనుకుందో ఆమెకే సరిగ్గా తెలియదు. ఇక్కడ కూర్చుని భయపడేకంటే ఆ భయపడే చోటికే పోతే మంచిదనిపించింది. బయలుదేరేముందు రోజు మళ్లీ మనసు మారింది. పిల్ల ఒక్కతే ఎట్లా, అత్తమ్మకు మందులు ఎవరిస్తారు, గ్యాస్ ఎవరు చూస్తారు. గుర్వమ్మ ఆమె సంచి తెచ్చి గుమ్మం దగ్గర పెట్టి, "నువ్వు లేకుంటే మేం గూడ జర నిమ్మళంగ ఉంటం, పో" అంది.

సికింద్రాబాదులో తెల్లవారుతుండగా బండి ఎక్కారు. యాదలక్ష్మి మూటలు మూడూ సీటు కిందికి తోయించి, గొలుసు చుట్టి, తాళం లాగి చూసింది. సోమన్న ఇడ్లీ తిన్నాడు. కాజీపేట దాటిందో లేదో కింది బెర్తు మీద దుప్పటి పరుచుకుని పడుకున్నాడు. మంచిర్యాల పోయింది, బల్లార్షా వచ్చింది, పోయింది. ఆయన లేవలేదు. ఆమె రెండుసార్లు వంగి ఊపిరి ఆడుతోందో లేదో చూసింది. గురక సన్నగా వస్తోంది. కాళ్లు చాపుకుని, నోరు కొంచెం తెరుచుకుని, పసిపిల్లాడిలా నిద్రపోతున్నాడు. ఇంట్లో ఆయన ఇట్లా పడుకోగా ఆమె ఎన్నడూ చూడలేదు. అరగంటకోసారి లేచి నడుము పట్టుకుని తిరిగే మనిషి.

ఎదురు సీటులో దీప్తి అనే అమ్మాయి ఉంది. మిర్యాలగూడ పిల్ల, ఢిల్లీలో ఉద్యోగం. మాటల్లో చీరల సంగతి వచ్చింది. చూపించమని అడిగింది. యాదలక్ష్మి సోమన్న వంక చూసింది. లేపాలనుకుంది, చేయి చాపింది కూడా. ఎందుకో వెనక్కి తీసుకుంది. గొలుసు విప్పి, ఒక మూట బయటికి లాగి, నాలుగు చీరలు తీసి ఒళ్లో పరిచింది. దీప్తి ఆకుపచ్చ అంచు చీర పట్టుకుని వదల్లేదు. ధర అడిగింది.

అమ్మకం ఎన్నడూ యాదలక్ష్మి పని కాదు. నూలు ఎంతో, రంగు ఎంతో, కూలి ఎంతో తెలుసు. సోమన్న వాటి మీద ఎంత వేసి చెబుతాడో అడిగిన పాపాన పోలేదు. ఎక్కువ చెబితే పిల్ల ముఖం తిప్పుకుంటుంది, తక్కువ చెబితే నష్టం.

"తొమ్మిది వేల ఎనిమిదొందలు" అంది.

"తొమ్మిదిన్నరకు ఇయ్యరాదు ఆంటీ?"

"తీస్కో బిడ్డ."

పైసలు ఫోనులో పడ్డాయి. పడ్డాయని చూసుకుని, మూట కట్టి, గొలుసు చుట్టి, తాళం రెండుసార్లు లాగింది. ఆ తర్వాత మొదలైంది అసలు దిగులు. తక్కువకు ఇచ్చానేమో, ఆయన దీన్ని పదికి తక్కువ ఇవ్వడేమో, లేచాక ఏమంటాడో. నాగపూర్‌లో బండి ఆగింది. చాయ్ వాడు అరుచుకుంటూ పోయాడు. ఆమె చాయ్ తీసుకోలేదు, ఆయన నిద్ర చెడుతుందని చాయ్ వాణ్ణి పిలవను కూడా లేదు.

సాయంత్రానికి సోమన్న లేచి కూర్చుని ఒళ్లు విరుచుకున్నాడు. యాదలక్ష్మి వెంటనే చెప్పేసింది. ఏ చీర, ఎంతకు, ఎవరికి.

సోమన్న దీప్తి వంక చూసి తల ఊపి, మెల్లగా, "నేనైతే తొమ్మిది చెప్పేటోణ్ణి" అన్నాడు.

ఆమె నమ్మాలో వద్దో తెలియక ఆయన ముఖం చూసింది. తర్వాత అడిగింది. "రైల్ల ఎప్పుడూ గిట్లనే పంటవా?"

"ఊఁ."

"ఇంట్ల గిట్ల పండవు."

"ఇంట్ల మగ్గం కనవడ్తది గదా" అన్నాడు సోమన్న. "కండ్లు తెరిస్తే మగ్గం, మూస్తే దాని సప్పుడు. ఈడ ఏం లేదు. ఒక దినం ఒక రాత్రి నన్నెవరూ ఏం అడగరు. నువ్వొక్కదానివే ఫోన్ చేస్తవ్."

చివరి మాట అంటున్నప్పుడు ఆయన కొంచెం నవ్వాడు. ఆమె నొచ్చుకుంది, నొచ్చుకున్నా ఆ మాటలో తప్పు కనబడలేదు. సంచి తెరిచి పులిహోర డబ్బా ఇచ్చింది. ఆయన తిని, నీళ్లు తాగి, ఇంటికి ఫోన్ చేసి నిహారికతో రెండు మాటలు మాట్లాడి, మళ్లీ దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు.

యాదలక్ష్మి కిటికీ పక్కన కూర్చుంది. పైబెర్తు ఎక్కి పడుకోవచ్చు గాని, మూటలు కింద ఉన్నాయి. ఇటార్సీలో జనం ఎక్కారు. దారికి అడ్డంగా కాలు చాపి కూర్చున్న ఒకాయన్ని కాలు తీయమని తెలుగులోనే చెప్పింది, ఆయన తీశాడు. పట్టాల పక్కన చీకట్లో ఊళ్లు దాటిపోతున్నాయి. వాటి పేర్లు ఆమెకు తెలియవు. ప్రదర్శనలో స్టాలు మూలకు ఇస్తారేమో, మూలకిస్తే జనం రారేమో అనుకుంటూ, ఒక కాలు మూట మీద ఆనించి, ఆగ్రా వచ్చేదాకా మేలుకునే ఉంది.